ఏడవ స్థానం నుండి విజయపీఠానికి

ఫుట్‌బాల్ అనగానే మనకు స్ఫురించే ఆట ఒకటి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర ప్రజలకు స్ఫురించే ఆట మరొకటి. పేరును చూసి మోసపోరాదు. వారి ఫుట్‌బాల్‌లో బంతి గుండ్రంగా కాక కోలగా ఉంటుంది. దానిని కాలితో తన్నవచ్చు, చేతితో పట్టవచ్చు, పిడికిలితో కొట్టి తోటివానికి అందించవచ్చు. విసరడం మాత్రం నిషిద్ధం. ఈ ఆటకు తొలి నియమాలను 1859లో మెల్‌బోర్న్ నగరంలో లిఖించినవారు ప్రధానంగా క్రికెట్ క్రీడాకారులే. శీతాకాలంలో దేహదారుఢ్యం సడలకుండా ఉండాలన్నది వారి ఆశయాలలో ఒకటి. నేటికీ ఈ ఆటను అండాకారంలో ఉండే క్రికెట్ మైదానాల మీదనే ఆడుతున్నారు. జట్టుకు 18 మంది చొప్పున బరిలో నిలుస్తారు. మైదానానికి రెండు కొసలలో నాలుగేసి స్తంభాలు ఉంటాయి. నడిమి రెండు స్తంభాల మధ్య నుండి బంతిని తన్నితే గోల్. దానికి 6 పాయింట్లు. పక్క స్తంభాల మధ్య నుండి పోతే బిహైండ్. దానికి ఒక్క పాయింటే. గురి తప్పినవానికి కూడా కొంత ఫలం దక్కే ఆట ఇది!

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో 2016 నాటికి 18 జట్లు ఉండేవి. ఒక్కొక్క జట్టు 22 మ్యాచ్‌లు ఆడగా, పట్టికలో తొలి ఎనిమిది స్థానాలలో నిలిచినవి మాత్రమే తుది దశకు చేరేవి. ఆ ఎనిమిదింటిలోనూ సమానత్వం లేదు. మొదటి నాలుగు జట్లకు తుది దశ తొలి మ్యాచ్‌లో ఓడినా మరొక అవకాశం మిగిలి ఉంటుంది. అయిదు నుండి ఎనిమిది వరకు ఉన్నవి ఒక్కసారి ఓడితే ఇంటిముఖం పట్టవలసిందే. ఈ ఏర్పాటును దృష్టిలో ఉంచుకుంటేనే వెస్టర్న్ బుల్‌డాగ్స్ అనే జట్టు ఆ సంవత్సరం సాధించిన విజయం ఎంతటిదో బోధపడుతుంది.

ఈ జట్టు పుట్టినిల్లు మెల్‌బోర్న్‌కు పశ్చిమాన మరిబిర్నాంగ్ నదికి ఆవలి ఒడ్డున గల ఫుట్‌స్క్రే. కర్మాగారాలకు, శ్రామికుల ఇళ్లకు పేరుపడిన ప్రాంతమది. ఫుట్‌స్క్రే జట్టు 1925లో అగ్రశ్రేణి లీగ్‌లో ప్రవేశించి, 1954లో మెల్‌బోర్న్ జట్టును 51 పాయింట్ల తేడాతో ఓడించి తొలిసారి విజేత అయింది. అటుపిమ్మట 1961లో తుదిపోరుకు చేరి హాథోర్న్ చేతిలో ఓడింది. ఆపైన 1985 నుండి 2010 వరకు ఏడు పర్యాయాలు గ్రాండ్ ఫైనల్ గుమ్మం దాకా వెళ్లి, ప్రిలిమినరీ ఫైనల్‌లో ఓడి వెనుదిరిగింది. 1997లోనైతే ఆ ఓటమి కేవలం 2 పాయింట్ల తేడాతో సంభవించింది. తాతలు చూసిన విజయాన్ని మనుమలు కథగా మాత్రమే వినవలసి వచ్చింది.

అంతకన్న పెద్ద గండం 1989లో వచ్చింది. అప్పుల పాలైన ఫుట్‌స్క్రేను ఫిట్జ్‌రాయ్ అనే మరొక జట్టులో విలీనం చేయనున్నట్లు లీగ్ నిర్వాహకులు ఆ సంవత్సరం అక్టోబరులో ప్రకటించారు. ఒక సామాన్య అభిమానురాలు న్యాయస్థానం తలుపు తట్టింది. పీటర్ గోర్డన్ అనే యువ న్యాయవాది ఉద్యమానికి నాయకత్వం వహించాడు. అభిమానులు డబ్బాలు పట్టుకొని ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేశారు. విలీనం ఆగిపోయింది. ఫిట్జ్‌రాయ్ జట్టుకు ఆ భాగ్యం లేకపోయింది. 1996 సీజన్ ముగిశాక అది బ్రిస్బేన్ జట్టులో కలిసిపోయింది. ఫుట్‌స్క్రే మాత్రం 1997 సీజన్ నుండి పశ్చిమ శివార్లన్నింటికీ ప్రతినిధిగా వెస్టర్న్ బుల్‌డాగ్స్ అన్న పేరు ధరించింది. ఆ శివార్లలో ఇటీవలి దశాబ్దాలలో భారతీయులు, వారిలో భాగంగా తెలుగువారు కూడా పెద్దసంఖ్యలో స్థిరపడ్డారు.

2014 చివర జట్టు మరొకమారు చెదిరింది. కెప్టెన్ ర్యాన్ గ్రిఫెన్ తనను వదిలిపెట్టమని కోరి గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జట్టుకు వెళ్లిపోయాడు. శిక్షకుడు తప్పుకున్నాడు. గ్రిఫెన్‌కు బదులుగా ఆ జట్టు నుండి వచ్చిన టామ్ బాయ్డ్‌కు అప్పటికి 19 ఏళ్లు. ఆ చిన్నవాని మీద వెచ్చించిన ధనాన్ని గురించి విమర్శలు వెల్లువెత్తాయి. ఇటువంటి తరుణంలో ల్యూక్ బెవరిడ్జ్ శిక్షకుడుగా వచ్చాడు. కెప్టెన్‌గా బాబ్ మర్ఫీ నియమితుడయ్యాడు. 2000వ సంవత్సరం నుండి ఈ జట్టుకే ఆడుతూ, 2008, 2009, 2010 సంవత్సరాలలో వరుసగా మూడు ప్రిలిమినరీ ఫైనల్ ఓటములను చవిచూసినవాడు మర్ఫీ.

2016 సీజన్ మూడవ మ్యాచ్‌లో హాథోర్న్‌తో తలపడుతుండగా ఆట చివరి ఘట్టంలో మర్ఫీ మోకాలి స్నాయువు తెగింది. ఆ ఏటికి అతని ఆట ముగిసింది. కెప్టెన్ బాధ్యత ఈస్టన్ వుడ్ భుజాన పడింది. జులైలో సెయింట్ కిల్డాతో ఆడిన ఒక్క మ్యాచ్‌లోనే మిచ్ వాలిస్‌కు కాలు విరిగింది. జాక్ రెడ్‌పాత్‌కు మోకాలు దెబ్బతింది. అయినా 15 విజయాలు, 7 ఓటములతో జట్టు ఏడవ స్థానంలో నిలిచింది. పొడగరుల బలం మీద కాక, బంతి చుట్టూ మూగి పిడికిలి పోట్లతో వేగంగా చేతులు మార్చుకునే నేర్పు మీద వారి ఆట నడిచేది. వారిలో కేలబ్ డేనియల్ ఎత్తు 168 సెంటీమీటర్లు మాత్రమే. ఆజానుబాహువుల మధ్య అతడొక వామనమూర్తి!

ఇక్కడ కాలం కూడా కలిసివచ్చిందని చెప్పక తప్పదు. తుది దశకు ముందు అన్ని జట్లకూ ఒక వారం విరామం ఇచ్చే పద్ధతి ఆ సంవత్సరమే మొదలైంది. ఆ వ్యవధిలో వుడ్, జాక్ మెక్‌రే, టామ్ లిబరటోరె వంటి ముఖ్యులు కోలుకున్నారు. ఈ గెలుపును కేవలం అదృష్టమని కొట్టివేయడం అన్యాయం. అందులో అదృష్టానికి పాలు లేదనడం అసత్యం.

తొలి పోరు ఖండానికి ఆవలి కొసన ఉన్న పెర్త్‌లో. అక్కడ వెస్ట్ కోస్ట్ జట్టును 47 పాయింట్ల తేడాతో చిత్తుచేశారు. మరుసటి వారం, అంతకు ముందు వరుసగా మూడేళ్లు విజేత అయిన హాథోర్న్‌ను 23 పాయింట్లతో ఓడించారు. మూడవది ప్రిలిమినరీ ఫైనల్. సిడ్నీలో జరిగిన ఆ పోరులో ప్రత్యర్థి గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ. తమ పాత కెప్టెన్ గ్రిఫెన్ ఎదుటి పక్షాన ఉన్నాడు. చివరి నిమిషాల వరకు ఊగిసలాడిన ఆటలో బుల్‌డాగ్స్ 89, ప్రత్యర్థి 83. ఏడు పర్యాయాలు మూసుకొన్న తలుపు 6 పాయింట్ల సందుతో తెరుచుకొంది.

అక్టోబరు 1న మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో 99,981 మంది ప్రేక్షకుల సమక్షంలో సిడ్నీ స్వాన్స్‌తో గ్రాండ్ ఫైనల్ జరిగింది. సగం ఆట ముగిసేసరికి స్వాన్స్ 2 పాయింట్ల ముందంజలో ఉంది. మూడవ పాదం ముగిసేసరికి బుల్‌డాగ్స్ 8 పాయింట్లు ముందుకు వచ్చింది. నాలుగవ పాదంలో స్వాన్స్ మేటి ఆటగాడు లాన్స్ ఫ్రాంక్లిన్ బంతితో పరుగు తీయబోగా డేల్ మోరిస్ వెనుక నుండి ఒడిసి పట్టాడు. జారిన బంతి బాయ్డ్‌కు చిక్కింది. దాదాపు మైదాన మధ్యభాగం నుండి అతడు తన్నిన బంతి గాలిలో సాగి, నేలను తాకి, దొర్లుతూ నడిమి స్తంభాల మధ్య నుండి పోయింది. విమర్శకుల నోళ్లకు అదే సమాధానం. తుది ఫలితం 89-67. ఆ రోజు అత్యుత్తమ క్రీడాకారునికి ఇచ్చే నార్మ్ స్మిత్ పతకం జేసన్ జొహానిసెన్‌ను వరించింది. 62 ఏళ్ల నిరీక్షణ ఫలించింది. ఏడవ స్థానం నుండి వచ్చి విజేత అయిన జట్టు అంతకు ముందు ఏదీ లేదు.

నియమం ప్రకారం ఆ పోరులో ఆడిన 22 మందికే పతకాలు. విజేత శిక్షకునికి జాక్ మెక్‌హేల్ పతకం ఇస్తారు. బెవరిడ్జ్ దానిని స్వీకరించి, మరుక్షణమే మర్ఫీని వేదిక మీదికి పిలిచి, అతని మెడలో వేశాడు. మర్ఫీ, వుడ్, బెవరిడ్జ్ కలిసి కప్పును ఎత్తారు. మన ప్రబంధాలలో జైత్రయాత్రల వర్ణనకు కొదవ లేదు గాని, గాయపడి శిబిరంలో మిగిలిపోయిన సేనానికి ఒక పద్యమైనా దక్కడం అరుదు. ఇక్కడ మాత్రం ఆ సేనానే సభామధ్యంలో నిలిచాడు. 1989లో విలీనాన్ని అడ్డుకొన్న పీటర్ గోర్డన్ అప్పుడు ఆ క్లబ్ అధ్యక్ష పదవిలో ఉన్నాడు.

మరుసటి సంవత్సరం బుల్‌డాగ్స్ పదవ స్థానానికి జారి, తుది దశకే చేరలేదు. బాయ్డ్ 2019లో, 23 ఏళ్ల వయస్సులోనే ఆట విరమించాడు. మర్ఫీ కోలుకొని 2017లో మళ్లీ బరిలో దిగి, ఆ సీజన్‌తో తన 312 మ్యాచ్‌ల క్రీడాజీవితాన్ని ముగించాడు. గ్రాండ్ ఫైనల్‌లో ఆడే యోగం అతనికి చివరి వరకు కలగలేదు.