మీకు తెలుసా? పెద్ద కొట్టు మూతపడితే మాల్ ఏమవుతుంది

పంజాగుట్ట చౌరస్తాలో ఒకప్పుడు ఉన్న 'హైదరాబాద్ సెంట్రల్' నిజానికి మాల్ కాదు. 2004లో బెంగళూరు సెంట్రల్ తెరిచిన కొన్ని నెలలకే ఫ్యూచర్ గ్రూప్ దీన్ని తెరిచింది. బయటి నుంచి చూస్తే మాల్ అనే అనిపించేది. మామూలు మాల్‌లో అయితే ఒక్కో కంపెనీకి ఒక్కో గది, ఒక్కో తలుపు, ఒక్కో బిల్లు. సెంట్రల్‌లో గోడలు ఉండేవి కావు. ఈ కంపెనీ చొక్కాల పక్కనే ఆ కంపెనీ ప్యాంట్లు, కాస్త ముందుకెళ్తే చెప్పులు, వాచీలు, అత్తర్లు. ఏ అంతస్తులో ఏం తీసుకున్నా బిల్లు ఒకే చోట. పాశ్చాత్య దేశాల్లో దీన్నే డిపార్ట్‌మెంట్ స్టోర్ అంటారు. మన దగ్గర ఆ పేరు వాడుకలోకి రాకముందే 'మాల్' వచ్చేసింది కాబట్టి, హైదరాబాదీలు చాలామంది డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో తిరుగుతూ మాల్‌కి వెళ్లొచ్చామనుకున్నారు.

సెంట్రల్ కంటే ముందు వచ్చింది షాపర్స్ స్టాప్. 1991లో ముంబై అంధేరీలో మొదలై, 1995లో బెంగళూరు, 1998లో హైదరాబాద్ చేరింది. పంజాగుట్టకి కూతవేటు దూరంలో, బేగంపేటలో దుకాణం పెట్టింది. ఆ తర్వాత గ్రీన్‌లాండ్స్ దగ్గర లైఫ్‌స్టైల్ వచ్చింది. అంటే మన నగరంలో ఈ రకం కొట్లు మొదట వేళ్లూనుకున్నది హైటెక్ సిటీలో కాదు, అమీర్‌పేట చుట్టుపక్కలే. ఉద్యోగాలు, కాలేజీలు, హాస్టళ్లు, బస్సులు అన్నీ కలిసేది ఇక్కడే మరి. కౌంటర్ వెనకున్న మనిషిని అడగకుండా బట్ట చేత్తో పట్టుకుని చూడడం, ట్రయల్ రూంలో వేసుకుని అద్దంలో చూసుకోవడం, ఏమీ కొనకుండానే ఎవరూ ఏమీ అనకుండా బయటికి రావడం మధ్యతరగతికి అప్పట్లో కొత్త. నా దృష్టిలో అది చిన్న మార్పు కాదు. జేబులో ఎంతుందో ఎవరికీ తెలియనక్కర్లేకుండా ఏసీ గదిలో గంటసేపు తిరగగలగడం ఒక గౌరవం.

మీకు తెలుసా, బిగ్ బజార్ బోర్డులు దిగడానికి అసలు మూలం అద్దె కాగితాలు?

సెంట్రల్ పెట్టిన ఫ్యూచర్ గ్రూప్‌దే బిగ్ బజార్ కూడా. 2001లో అది మొదట తెరుచుకున్న కొద్ది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. రెండు దశాబ్దాల్లో కిశోర్ బియానీ ఫ్యూచర్ గ్రూప్ దేశమంతా విస్తరించింది, అప్పులూ అంతే విస్తరించాయి. 2019లో అమెజాన్ ఆ గ్రూప్‌లోని ఒక కంపెనీలో వాటా కొంది. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడి, ఆదాయం లేక, అద్దెలు పేరుకుపోయాయి. ఆ ఏడాది ఆగస్టులో వ్యాపారమంతా రిలయన్స్‌కి 24,713 కోట్ల రూపాయలకి అమ్మడానికి ఒప్పందం కుదిరింది. తన ఒప్పందం ప్రకారం అలా అమ్మడానికి వీల్లేదని అమెజాన్ అడ్డం పడింది. కేసు సింగపూర్ మధ్యవర్తుల దగ్గర మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

కోర్టులు వాదనలు వింటున్న సమయంలోనే ఇంకొకటి జరిగింది. అద్దె కట్టలేకపోతున్న ఫ్యూచర్ దుకాణాల లీజుల్ని రిలయన్స్, భవన యజమానుల దగ్గర తన పేరు మీదికి మార్పించుకుని, మళ్లీ ఫ్యూచర్‌కే సబ్ లీజుకిచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఆ సబ్ లీజులు రద్దు చేసి వందల దుకాణాలు తన చేతిలోకి తీసుకుంది. కంపెనీ ఇంకా చేతులు మారలేదు, కొట్టు మాత్రం మారిపోయింది. ఏప్రిల్‌లో అప్పులిచ్చిన బ్యాంకులు అమ్మకాన్ని తిరస్కరించాయి, రిలయన్స్ ఒప్పందం వదులుకుంది, జులైలో ఫ్యూచర్ రిటైల్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సెంట్రల్‌ని నడిపిన ఫ్యూచర్ లైఫ్‌స్టైల్ ఫ్యాషన్స్‌దీ మరుసటి ఏడాది అదే దారి.

ఈ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటి. పంజాగుట్టలో కొనేవాళ్లు కరువై ఇదంతా జరగలేదు. అప్పు, అద్దె రెండూ కలిసి కొట్టిన దెబ్బ ఇది. ఆన్‌లైన్ వచ్చి కొట్లని చంపేసిందని తేలిగ్గా అనేస్తుంటాం. లీజు ఎవరి పేరు మీద ఉందన్నది చాలాసార్లు అంతకంటే పెద్ద ప్రశ్న.

మాల్‌లో అందరికంటే ఎక్కువ జాగా తీసుకునే కొట్టు, చదరపు అడుగుకి అందరికంటే తక్కువ అద్దె కడుతుంది. ఎందుకంటే జనాన్ని రప్పించేది అదే. దాన్ని యాంకర్ స్టోర్ అంటారు. ఆ కొట్టు కోసం వచ్చినవాళ్లు దారిలో ఐస్‌క్రీమ్, చెవి దిద్దులు, ఫోన్ కవర్ కొంటారు, ఆ చిన్న కొట్ల అద్దెతో మాల్ బతుకుతుంది. అమెరికాలో 1956 అక్టోబరులో మినసోటా రాష్ట్రంలో తెరిచిన సౌత్‌డేల్, పూర్తిగా పైకప్పు కింద, ఏసీతో కట్టిన మొదటి మాల్. దానికి రెండు వైపులా రెండు పోటీ డిపార్ట్‌మెంట్ స్టోర్లు పెట్టి, మధ్యలో చిన్న దుకాణాలు అమర్చారు. గీసిన వాస్తుశిల్పి విక్టర్ గ్రూయెన్ దాని చుట్టూ ఇళ్లు, బడి, పార్కు, ఆసుపత్రి ఉండాలని కలగన్నాడు. అలా కట్టకుండా నగరాల బయట కార్ల మైదానాల మధ్య మాల్స్ కట్టుకుంటూ పోయినందుకు తర్వాత బహిరంగంగానే వాటితో తనకి సంబంధం లేదన్నాడు.

యాంకర్ వెళ్లిపోతే? అమెరికా లీజుల్లో చిన్న కొట్లవాళ్లు ముందే ఒక షరతు రాయించుకుంటారు. పెద్ద స్టోర్ మూతపడితే మా అద్దె తగ్గాలి, లేదా గడువు కాకముందే మేం ఖాళీ చేసుకోవచ్చు అని. అందుకే ఒక్క స్టోర్ మూతపడితే మాల్ మొత్తం కూలే ప్రమాదం ఉంటుంది. ఒకప్పుడు అమెరికా ఇళ్లకి కుట్టుమిషన్ దగ్గర్నుంచి ఇల్లు కట్టుకునే సామాను దాకా పోస్టులో పంపిన సియర్స్ 2018 అక్టోబరులో దివాలా తీసింది. అలాంటి డిపార్ట్‌మెంట్ స్టోర్లే అయిన జేసీ పెన్నీ, నీమన్ మార్కస్ 2020 మేలో. దాదాపు 150 దుకాణాలు మూసేస్తామని మేసీస్ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది.

ఇది మనవాళ్లకి దూరపు వార్త కాదు. అమీర్‌పేట మైత్రీవనం వెనక కోచింగ్ గదుల్లో జావా, టెస్టింగ్ నేర్చుకుని విమానం ఎక్కినవాళ్లలో ఎందరో టెక్సాస్‌లోని ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో స్థిరపడ్డారు. ఆ ప్లేనోలో 1981లో తెరిచిన కాలిన్ క్రీక్ మాల్, అందులోని డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఒకటొకటిగా వెళ్లిపోయాక 2019లో మూతపడింది. ఊళ్లో తెలుగు ఇళ్లు పెరుగుతున్న ఏళ్లలోనే దాని పార్కింగ్ స్థలాలు ఖాళీ అయ్యాయి. ఊరు సంపన్నమైనంత మాత్రాన మాల్ నిలబడుతుందన్న భరోసా లేదు.

మన దేశంలో ఈ ప్రమాదాన్ని కొందరు ముందే పసిగట్టి ఇంకో దారి పట్టారు. మాల్, అందులోని పెద్ద కొట్టు రెండూ ఒకే చేతిలో ఉంచుకోవడం. హైటెక్ సిటీ వైపు 2009లో వచ్చిన ఇనార్బిట్ మాల్, షాపర్స్ స్టాప్ రెండూ కె. రహేజా గ్రూప్ పెట్టినవే. అమీర్‌పేట నుంచి మెట్రో ఎర్ర లైన్‌లో వెళ్తే కూకట్‌పల్లిలో ఇంకో ఉదాహరణ కనిపిస్తుంది. అక్కడి మంజీరా మాల్ 2023 సెప్టెంబరులో లులు మాల్ అయింది. పెద్ద హైపర్‌మార్కెట్ నడిపే లులు వాళ్లే మాల్ మొత్తాన్ని తీసుకున్నారు.

ఇక అమీర్‌పేట సంగతి.

ఇక్కడి పెద్ద కొట్టుకి మాల్ అవసరమే పడలేదు. రోడ్డు మీదికి ముఖం పెట్టుకుని నాలుగైదు అంతస్తులు. కింద డైలీవేర్, ఆ పైన ఫ్యాన్సీ, పట్టు, ఇంకా పైన మగవాళ్లవి, పిల్లలవి. కూర్చోబెట్టి, పరుపు మీద చీరలు పరిచి, మంచినీళ్లిచ్చి, పెళ్లికూతురి చీర దగ్గర్నుంచి ఆడపడుచులకి పెట్టే చీర దాకా, బంధువులకిచ్చే పెట్టుబడి చీరల దాకా ఒకే కూర్చోవడంలో తేల్చేస్తారు. పుట్టుకతోనే ఇది డిపార్ట్‌మెంట్ స్టోర్, పెద్ద స్టోర్ల అమెరికన్ నమూనా చూసి కట్టింది మాత్రం కాదు. ఆర్.ఎస్. బ్రదర్స్, సౌత్ ఇండియా షాపింగ్ మాల్ అని రెండు బోర్డులు చూసి పోటీ కొట్లనుకుంటాం, రెండూ ఒకే సంస్థవి. కళామందిర్ 2005లో అమీర్‌పేటలో ఒక్క దుకాణంతో మొదలైంది. ఆ సాయి సిల్క్స్ సంస్థే 2023 సెప్టెంబరులో 1,201 కోట్ల రూపాయల పబ్లిక్ ఇష్యూకి వచ్చింది. దేశంలో పెద్ద చైన్ ఒకటి దివాలా కోర్టులో ఉన్న కాలంలోనే, అమీర్‌పేటలో చీరలమ్మిన కంపెనీ స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది.

ఈ కొట్లు ఎందుకు నిలబడ్డాయి? ముహూర్తాలు. పెళ్లి బట్టలు ఒక్కరు కొనేవి కావు. ఇద్దరు వియ్యపురాళ్లు, పిన్నులు, మేనత్తలు అందరూ చూడాలి, ముట్టుకోవాలి, జరీ నిజమో కాదో గీకి చూడాలి. ఫోన్ తెరలో అది కుదరదు. పైగా పంజాగుట్ట నుంచి సోమాజిగూడ వరకు బంగారం కొట్లు వరసగా ఉన్నాయి. నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో పొద్దున బయల్దేరిన కుటుంబం పట్టు, బంగారం ఒకే రోజు పూర్తి చేసుకుని రాత్రికి ఇల్లు చేరుతుంది. అమెరికా మాల్‌లో యాంకర్ స్టోర్ చేసే పని ఇక్కడ పెళ్లి చేస్తోంది.

మీకు తెలుసా, ఆషాఢం సేల్‌కి పారిస్‌లో ఒక అక్క ఉంది? అరిస్తీద్ బూసికో అనే ఆయన 1852లో బోన్ మార్షే దుకాణంలో భాగస్వామిగా చేరి దాని రూపు మార్చేశాడు. ధర అట్ట మీద రాసి పెట్టడం, బేరం లేకపోవడం, నచ్చకపోతే తిరిగి తీసుకోవడం అక్కడే ఊపందుకున్నాయి. క్రిస్మస్ అయ్యాక జనవరిలో గిరాకీ పడిపోతే, దుప్పట్లు, తువ్వాళ్లలాంటి తెల్లబట్టలన్నీ గుట్టలుగా పోసి ధర తగ్గించి అమ్మే 'తెల్లబట్టల సేల్'కి పేరు తెచ్చినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. మన దగ్గర ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, కొత్త జంటని విడిగా ఉంచుతారు, కొట్టు వెలవెలబోతుంది. కానీ అద్దె, జీతాలు, కరెంటు బిల్లు ఆగవు. శ్రావణానికి కొత్త సరుకు దించాలంటే పాతది ఖాళీ కావాలి. అందుకే ఆషాఢం తగ్గింపులు, చీరల్ని తూకం వేసి అమ్మే కేజీ సేల్. రెండు ఖండాలు, రెండు పంచాంగాలు, వ్యాపారి అవసరం ఒక్కటే. ఆషాఢంలో కొనే పెట్టుబడి చీరలు శ్రావణ ముహూర్తాలకి ఎంత కలిసొస్తాయో మన అమ్మలకి బాగా తెలుసు.

 

మెట్రో వచ్చాక లెక్క ఇంకోసారి మారింది. 2017 నవంబరు చివర్లో మియాపూర్ నుంచి నాగోల్ దాకా రైళ్లు మొదలైనప్పుడు అమీర్‌పేట రెండు లైన్లు కలిసే స్టేషన్ అయింది. ఎల్ అండ్ టీ మెట్రో వేసుకున్న లెక్కలో ఆదాయం సగం మాత్రమే టికెట్ల మీద, 45 శాతం ఆస్తుల మీద, మిగిలిన 5 శాతం ప్రకటనల మీద. అంటే రైలు గిట్టుబాటు కావాలంటే దుకాణాలు నడవాలి. పంజాగుట్టలో నెక్స్ట్ గలేరియా, ఇర్రం మంజిల్‌లో నెక్స్ట్ ప్రీమియా ఆ లెక్కలోంచి పుట్టిన మాల్సే. వీటికి జనాన్ని తెచ్చేది స్టేషన్. అయితే రైలు దిగిన మనిషి ఆఫీసుకి పరిగెత్తుతున్న మనిషి, చీర పరిపించుకుని చూసే తీరిక ఉన్న మనిషి కాదు. ఆ తేడాని మాల్ కట్టేవాళ్లు తక్కువ అంచనా వేస్తారని నా అభిప్రాయం. మెట్రోని రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో అంగీకారం కుదిరింది, ఆ మాల్స్ అద్దెల సంగతి ఇకమీదట ప్రజల డబ్బు సంగతి కూడా.

డిపార్ట్‌మెంట్ స్టోర్ వదిలిన జాగాలోకి ఎవరొస్తున్నారు? ఒకటి, చవక ఫ్యాషన్. టాటాల ట్రెంట్ సంస్థ 1998లో వెస్ట్‌సైడ్‌తో మొదలైంది, జూడియోని 2016లో తెచ్చింది. 2024 మార్చి నాటికి వెస్ట్‌సైడ్ దుకాణాలు 232, జూడియోలు 545. తమ్ముడు అన్నని ఎనిమిదేళ్లలో రెట్టింపుకి మించి దాటేశాడు. అమీర్‌పేట హాస్టల్ అమ్మాయి నెలాఖరులో కొనగలిగేది ఏది అని అడిగితే జవాబు అక్కడే దొరుకుతుంది. రెండు, సినిమా. అమీర్‌పేటలో ఏళ్ల తరబడి ఆడిన సత్యం థియేటర్ పోయి, ఆ స్థలంలో ఏషియన్ సంస్థ, అల్లు అర్జున్ కలిసి పెట్టిన ఏఏఏ సినిమాస్ మాల్‌తో సహా 2023 జూన్‌లో తెరుచుకుంది. ఒకప్పుడు కొట్టుకొచ్చినవాళ్లు సినిమా చూసేవాళ్లు, ఇప్పుడు సినిమాకొచ్చినవాళ్లు కొంటారన్నది మాల్ యజమానుల ఆశ.

ఈ మార్పుల్లో ఎవరూ లెక్కవేయనిది కొట్లో నిలబడే మనిషి. పెద్ద చైన్ కూలినప్పుడు బ్రాండ్ పేరు ఎవరో కొంటారు, జాగా ఎవరో అద్దెకి తీసుకుంటారు, సేల్స్ గర్ల్‌కి మాత్రం ఇంకో కొట్టు వెతుక్కోవడం తప్పదు. కేరళలో బట్టల కొట్ల మహిళలు ఏళ్ల తరబడి పోరాడాక, పనివేళల్లో కూర్చునే హక్కు 2018లో చట్టంలోకి వచ్చింది. తమిళనాడు 2021లో అదే చేసింది. అమీర్‌పేటలో శ్రావణం రద్దీలో పొద్దున పది నుంచి రాత్రి పది దాకా చీరలు విప్పి మడతపెట్టే అమ్మాయిల కౌంటర్ వెనక కూడా ఒక స్టూలు ఉండాలి. ఈసారి పెళ్లి బట్టలకి వెళ్లినప్పుడు ఉందో లేదో చూడండి, లేకపోతే మేనేజర్‌ని అడగండి.