జలసేద్యంలో వంధ్య మత్స్యాలు

అసంభవమైన విషయాన్ని సూచించవలసి వచ్చినప్పుడు మన ప్రాచీన తార్కికులు గగనకుసుమం, కుందేటి కొమ్ము, వంధ్యాపుత్రుడు అనే ఉదాహరణలను తరచుగా పేర్కొనేవారు. వంధ్యాపుత్రుడంటే సంతానమే లేని స్త్రీకి పుట్టిన కుమారుడు. లేని వస్తువుకు ఇంతకన్నా చక్కని ఉపమానం లేదు. అయితే నేటి జీవశాస్త్రం సంతానశక్తి లేని చేపలను తరతరాలుగా పుట్టించే మార్గాలను కనుగొన్నది. తనకు సంతానం కలగని జీవికి మరుసటి తరం ఎక్కడి నుండి వస్తుంది? అసలు అటువంటి చేపతో మనకేమి ప్రయోజనం? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ పాఠం ఉద్దేశం.

గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ విస్తరించిన సస్యశ్యామల సీమ కోనసీమ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిమ్మట కాలువలు పారి ఈ సీమకు కొత్త కళను తెచ్చాయి. నేడు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో కొబ్బరితోటల సరసన, వరిచేల నడుమ చేపల చెరువులు, రొయ్యల చెరువులు కనిపిస్తాయి. చెరువుకూ కాలువకూ నడుమ ఉన్నది ఒక మట్టిగట్టు మాత్రమే. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ గోదావరి ఉప్పొంగినప్పుడు ఇక్కడి లంకగ్రామాలు నీట మునిగాయి. అటువంటి వేళ చెరువుగట్టు తెగితే రైతు పెట్టుబడి నీటిపాలవుతుంది. ఇది అందరికీ కనిపించే నష్టం. కంటికి కనిపించని నష్టం మరొకటి ఉంది. చెరువులోని చేప నదిలో చేరి, అక్కడే సంతానాన్ని వృద్ధి చేసుకుంటే దానిని తిరిగి పట్టి తేవడం ఎవరి తరమూ కాదు.

తిలాపియా చరిత్ర ఇందుకు నిదర్శనం. ఆఫ్రికాకు చెందిన మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. ఈ జాతి ఆడచేప ఫలించిన గుడ్లను నోటిలో దాచుకొని పొదుగుతుంది. కొద్ది నెలల వయసులోనే గుడ్లు పెట్టడం ప్రారంభించి, ఏడాదిలో అనేక పర్యాయాలు సంతానాన్ని కంటుంది. తల్లి నోటిలో భద్రంగా ఎదిగిన పిల్లలు చెరువును నింపివేస్తాయి. మేత చాలక అన్నీ గిడసబారిపోతాయి. చెరువు దాటిన తిలాపియా మన దేశంలోని అనేక జలాశయాలలో, నదులలో స్థిరపడి స్థానిక జాతులకు పోటీగా పరిణమించింది.

శీలావతి, బొచ్చె, ఎర్రమోసు చేపల స్వభావం ఇందుకు భిన్నం. అవి వర్షకాలంలో పారే వరదనీటిలోనే గుడ్లు పెడతాయి. నిలవనీటి చెరువులో వాటి కడుపున గుడ్లు పరిపక్వమైనా బయటకు రావు. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌదురి, ఆయన సహచరులు పీయూషగ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ చేపల చేత గుడ్లు పెట్టించారు. నేటి హేచరీలకు ఆ విజయమే పునాది. అయినా ఒక సమస్య మిగిలింది. ఎదిగిన చేప తాను తిన్న మేతలో కొంత భాగాన్ని గుడ్ల తయారీకి వెచ్చిస్తుంది. రైతు మేతను కొనేది మాంసం కొరకు. సంతానశక్తి లేని చేపలో ఈ వ్యయం తగ్గుతుంది. నదికి రక్షణ, రైతుకు లాభం అనే రెండు ప్రయోజనాలను ఆశించి శాస్త్రజ్ఞులు వంధ్య మత్స్యాల వైపు దృష్టి సారించారు.

వంధ్యత్వానికి మూలం తెలియాలంటే కంచరగాడిదను తలచుకుంటే చాలు. గుర్రానికి 64, గాడిదకు 62 క్రోమోజోములు ఉంటాయి. వాటికి పుట్టిన కంచరగాడిదకు 63 క్రోమోజోములు. బీజకణాలు ఏర్పడే వేళ క్రోమోజోములు జతలు జతలుగా కూడవలసి ఉండగా, ఇక్కడ ఆ జతలు సరిగా కుదరవు. అందువలన కంచరగాడిదకు సాధారణంగా సంతానం కలగదు. చేపలలోనూ ఈ సూత్రాన్నే మరొక విధంగా ప్రయోగిస్తారు. శీలావతి కణంలో 25 జతలు, అనగా 50 క్రోమోజోములు ఉంటాయి. తల్లి నుండి ఒక వరుస, తండ్రి నుండి ఒక వరుస సంక్రమిస్తాయి. శుక్రకణం అండంలో ప్రవేశించిన కొద్ది నిమిషాలకు అండం తనలో అదనంగా ఉన్న ఒక వరుసను ధ్రువదేహం రూపంలో బయటకు పంపివేస్తుంది. సరిగ్గా ఆ సమయానికి గుడ్లను స్వల్పకాలం వేడినీటిలోనో, చన్నీటిలోనో, అధిక పీడనంలోనో ఉంచితే ఆ వరుస లోపలే నిలిచిపోతుంది. అప్పుడు పిల్లకు మూడు వరుసలు, అనగా 75 క్రోమోజోములు ఏర్పడతాయి. ఇటువంటి జీవిని త్రయస్థితికం అంటారు. మూడు వరుసలు జతలుగా విడిపోలేవు కనుక అది వంధ్యమవుతుంది. ఇందులో పరాయి జన్యువును చేర్చడం లేదు. తల్లిదండ్రులు మామూలు చేపలే కనుక ప్రతి తరంలోనూ వాటి గుడ్ల నుండే వంధ్య సంతానాన్ని పొందవచ్చు. మన మొదటి ప్రశ్నకు సమాధానం ఇదే.

మన దేశ శాస్త్రజ్ఞులు శీలావతిలో త్రయస్థితిక పిల్లలను సాధించి 1990 నాటికే ఆ ఫలితాలను ప్రకటించారు. అమెరికాలో నీటికలుపు నిర్మూలనకు గడ్డిచేపను వాడే అనేక రాష్ట్రాలు త్రయస్థితికమని పరీక్షించి ధ్రువీకరించిన చేపలనే అనుమతిస్తాయి. ఒక్క రక్తపు చుక్కతో ఈ పరీక్ష సాధ్యమవుతుంది. త్రయస్థితిక చేప రక్తకణాలలోని కేంద్రకం మామూలు చేప కేంద్రకం కంటె పెద్దది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. కృష్ణా జిల్లా మానికొండలో రాజీవ్‌గాంధీ జలసేద్య కేంద్రం మేలుజాతి తిలాపియాను అభివృద్ధి చేసింది. తిలాపియా పెంపకంలో పిల్లలకు తొలి వారాలలో హార్మోను కలిపిన మేతనిచ్చి అన్నిటినీ మగచేపలుగా మార్చే పద్ధతి ప్రచారంలో ఉంది. దీనివలన చెరువులో సంతానవృద్ధి ఆగుతుంది. కాని అవి వంధ్యాలు కావు. గట్టు దాటిన మగచేపకు నదిలో ఆడచేప తోడైతే కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

జన్యుసవరణ ఇంకా సూక్ష్మమైన మార్గం. నార్వే శాస్త్రజ్ఞులు సాల్మన్ చేపలో ‘డెడ్ ఎండ్’ అనే జన్యువును పనిచేయకుండా చేసి, బీజకణాలే లేని చేపలను పొందినట్లు 2016లో ప్రకటించారు. అమెరికా 2015లో ఆహారంగా అనుమతించిన సాల్మన్‌లో త్వరగా పెరిగే జన్యువును చేర్చారు. అది తప్పించుకొని వృద్ధి చెందకుండా అన్నిటినీ ఆడచేపలుగా, త్రయస్థితికాలుగా రూపొందించారు. ఆ సంస్థ 2024లో చేపల పెంపకాన్ని నిలిపివేసింది. శాస్త్రం సాధించినదంతా వ్యాపారంలో నిలవదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

వంధ్య మత్స్యాలకు పరిమితులు లేకపోలేదు. వేడి, పీడనాల ప్రభావం అన్ని గుడ్లపైన సమానంగా పడదు. వందలో కొన్ని సంతానశక్తితో మిగిలిపోయినా నదికి ప్రమాదమే. త్రయస్థితిక చేపలు అధిక ఉష్ణాన్ని, ప్రాణవాయువు కొరతను మామూలు చేపలంతగా తట్టుకోలేవని అనేక పరిశీలనలు తెలుపుతున్నాయి. మబ్బు పట్టిన రాత్రి గడిచి తెల్లవారే వేళ చేపలు నీటిపైకి తేలి నోళ్ళు తెరవడం కోనసీమ రైతుకు కొత్త కాదు. శీతలదేశపు నీటిలో నెగ్గిన చేప ఈ చెరువులో నెగ్గుతుందో లేదో ఇక్కడే పరీక్షించాలి. పిల్లల కొరకు రైతు ప్రతి ఏటా హేచరీపైనే ఆధారపడతాడు కనుక, వాటి నాణ్యతకు, ధరకు ప్రభుత్వ పర్యవేక్షణ ఉండాలి.

రైతు చెరువు చుట్టూ గట్టు వేస్తాడు. ఏటి పొంగుకు ఆ గట్టు ఏనాడైనా తెగవచ్చు. వంధ్యత్వం చేప శరీరంలోనే కట్టిన మరొక గట్టు. అది నిలిచితే, చెరువు దాటిన చేప తన ఆయువు తీరేవరకే నదిలో ఉంటుంది, వంశాన్ని నిలుపలేదు. ఏటికి ఎదురీది వచ్చే పులసకూ, ఏటినే నమ్ముకొన్న జాలరికీ ఆ నది నదిగానే మిగలాలి. చెరువులో దిగుబడి పెరగాలి, నదిలో జీవవైవిధ్యం నిలవాలి. ఈ రెండింటినీ కలిపి ఆలోచించినప్పుడే శాస్త్రవిజ్ఞానం లోకహితమవుతుంది.