మీకు తెలుసా? పేరు సిచువాన్‌ది, పుట్టుక తైవాన్‌ది!

తైవాన్‌లో 'సిచువాన్ బీఫ్ నూడుల్స్' అని అమ్మే ఎర్రటి కారం సూప్ పుట్టింది చైనాలోని సిచువాన్ ప్రాంతంలో కాదు, తైవాన్‌లోనే అంటారు. చైనా అంతర్యుద్ధంలో ఓడి 1949 ప్రాంతంలో ఆ దీవికి చేరిన సైనికులు, వాళ్ల కుటుంబాలు సిచువాన్ తరహాలో మిరపకాయలు, చిక్కుడు జాతి గింజలు పులియబెట్టిన ముద్దను సోయా సాస్‌తో కలిపి మాంసం ఉడికించారు. విడ్డూరమేమిటంటే, పొలం దున్నే పశువని అక్కడి పాతతరం రైతులు చాలామంది గొడ్డుమాంసం ముట్టేవారే కాదు!

చైనాలోని లాన్‌జౌ నగరపు బీఫ్ నూడుల్స్ తీరే వేరు. అది హుయీ ముస్లింల హలాల్ వంట. తేట రసం, తెల్ల ముల్లంగి, కొత్తిమీర, పైన మిరపనూనె. పిండిని చేత్తోనే పోగులుగా సాగదీస్తారు. సన్నగానా, వెడల్పుగానా అన్నది తినేవాళ్ల ఇష్టం. లాన్‌జౌ జనానికి ఇది పొద్దుటి టిఫిన్ కూడా.