రాతి ఎడారి బాటకు తొలి వాహనం

ఉద్దేశం

యంత్రాన్ని కొనడం వేరు, దానిని ఒక కార్యానికి సిద్ధపరచడం వేరు. నేల స్వభావాన్ని, యంత్రం శక్తిని, మనిషి అవసరాన్ని తూచి చూసి ఏది ముందో ఏది వెనుకో నిర్ణయించుకొనే వివేకాన్ని ఒక ఉదాహరణ ద్వారా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఎడారి అనగానే మన కనుల ముందు ఇసుక తిన్నెలు, ఒంటెల బారులు మెదలుతాయి. కాని ప్రపంచంలోని ఎడారులలో ఇసుక పరచుకొన్న భాగం తక్కువ. రాయి, గులక, గట్టినేల ఉన్న భాగమే ఎక్కువ. అటువంటి రాతి ఎడారికి ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో యూటా రాష్ట్రపు ఆగ్నేయ భాగం. అక్కడ కొలరాడో నది చెంత మోయాబ్ అనే చిన్న పట్టణం ఉన్నది. సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పట్టణం చుట్టూ ఎర్రని ఇసుకరాతి గుట్టలు, నిలువు గోడల వంటి లోయలు, సహజమైన రాతి తోరణాలు కనిపిస్తాయి. సంవత్సరానికి కురిసే వాన సగటున 25 సెంటీమీటర్ల లోపే. మన రాష్ట్రంలో కరవు సీమగా పేరుపడిన అనంతపురంలో కురిసే వాన సైతం దీనికి రెట్టింపు ఉంటుంది. వేసవి పగళ్ళలో వేడి తరచుగా 38 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది.

ఈ ప్రాంతపు రాయిలో ఒక విశేషమున్నది. సుమారు 19 కోట్ల సంవత్సరాల క్రితం గాలికి పేరుకొన్న ఇసుక తిన్నెలే కాలక్రమాన గట్టిపడి ఇక్కడి కొండలయ్యాయి. పూర్వం ఇనుప లాడాలు తొడిగిన గుర్రాలు వీటిపై కాలు నిలుపుకోలేక జారిపోయేవి. అందువలన జనులు దీనికి 'జారుడు రాయి' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. కాని ఇనుమును నిలువనీయని ఆ గరుకు రాయి రబ్బరును మాత్రం గట్టిగా పట్టుకొంటుంది. గుర్రం ఎక్కలేని ఏటవాలును టైరు ఎక్కగలదు.

ఈ కొండలలో బాటలు వేసింది విహారయాత్రికులు కారు, యురేనియం కోసం వెదకినవారు. 1952లో చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రవేత్త మోయాబుకు ఆగ్నేయంగా గొప్ప యురేనియం నిక్షేపాన్ని కనుగొన్నాడు. దానితో అన్వేషకులు తండోపతండాలుగా తరలివచ్చారు. సుమారు 160 కిలోమీటర్ల పొడవున లోయ అంచుల వెంట సాగే 'వైట్ రిమ్' బాట ఆ కాలంలో ఏర్పడినదే. గనుల సందడి తగ్గిన పిదప ఆ బాటలు విహారులకు దక్కాయి. మోయాబ్ వాణిజ్య మండలి 1967లో ఈస్టర్ పండుగ సందర్భంగా ప్రారంభించిన జీపుల యాత్ర నేటికీ కొనసాగుతున్నది.

ఈ బాటలకు తగిన బండి యుద్ధం నుండి వచ్చింది. అమెరికా సైన్యం కోరిక మేరకు 1940లో రూపుదిద్దుకొన్న జీపు, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆరు లక్షలకు పైగా తయారైంది. 1945 నుండి సామాన్యులకు కూడా అమ్మకానికి వచ్చింది. స్వాతంత్ర్యానంతరం మహీంద్రా సంస్థ మన దేశంలోనూ జీపులను కూర్చింది. తహశీల్దారు మొదలు ఎన్నికల అభ్యర్థి వరకు మన పల్లెలకు జీపులోనే వచ్చినందువలన ఆ మాట తెలుగు మాటగానే స్థిరపడిపోయింది.

బండిలో చూడవలసినవి

తొలిసారి ఇటువంటి వాహనం కొనేవారు సాధారణంగా దాని ఎత్తును, పైన అమర్చిన దీపాల వరుసను, మొరటైన రూపాన్ని చూసి ముచ్చటపడతారు. 'పైన పటారం లోన లొటారం' అన్న సామెత ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది. చూడవలసినవి బండి అడుగున ఉంటాయి.

మొదటిది, నాలుగు చక్రాలకూ శక్తినందించే ఏర్పాటు. రెండవది, తక్కువ వేగపు గేరు. రాతిపై బండి పరుగెత్తరాదు, ప్రాకాలి. గేరుపెట్టెలోని మొదటి గేరు నిష్పత్తి 4, ఇరుసులోని నిష్పత్తి 3.73, తక్కువ వేగపు గేరు నిష్పత్తి 2.72 అనుకొందాం. మూడింటినీ హెచ్చవేస్తే సుమారు 40 వస్తుంది. అనగా ఇంజను 40 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం ఎంత తగ్గితే చక్రాన్ని త్రిప్పే బలం అంత పెరుగుతుంది. దిగేటప్పుడు బ్రేకును అదిమి పట్టకుండానే ఇంజను బండిని నిలువరిస్తుంది.

మూడవది, డిఫరెన్షియల్. మలుపులో వెలుపలి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. అందుకు వీలు కలిగించేదే డిఫరెన్షియల్. రహదారిపై ఇది వరం. రాతిపై ఒక చక్రం గాలిలోకి లేచినప్పుడు మాత్రం ఇదే శాపమవుతుంది. లేచిన చక్రం వృథాగా గిరగిర తిరుగుతుంటే, నేలనంటిన చక్రం కదలక నిలిచిపోతుంది. రెండు చక్రాలనూ ఒకటిగా బిగించే తాళం ఉంటే ఈ చిక్కు తీరుతుంది. ఐనప్పటికీ తొలిరోజులలో తేలిక బాటలకే వెళ్ళేవారికి ఇది తక్షణావసరం కాదు.

టైరు, గాలి

బండికీ నేలకూ మధ్య ఉన్నది టైరు ఒక్కటే. కనుక సొమ్ము ఖర్చు చేయవలసిన తొలి స్థానం అదే. పదునైన రాయి టైరు నడినెత్తిని కాక ప్రక్కగోడను చీలుస్తుంది. ప్రక్కగోడ చీలికకు సాధారణ పంక్చరు అతుకు పనికిరాదు. అందువలన ప్రక్కగోడ దృఢంగా, పొరలు ఎక్కువగా ఉన్న టైర్లను ఎంచుకోవాలి. స్టెప్నీ కూడా తక్కిన నాలుగింటి కొలతలోనే ఉండాలి.

టైరు తరువాత చూసుకోవలసినది గాలి. రహదారిపై చదరపు అంగుళానికి 35 పౌండ్ల ఒత్తిడి ఉన్న టైరును రాతి బాట మొదట్లో 18 నుండి 20 పౌండ్లకు తగ్గిస్తారు. మెత్తబడిన టైరు రాతి ఎగుడుదిగుళ్ళకు అనుగుణంగా ఒదిగి, ఎక్కువ మేర నేలను పట్టుకొంటుంది; కుదుపులను తానే మింగుతుంది. ఖర్చు లేని ఈ ఉపాయం వలన కలిగే మేలు వేల రూపాయల విడిభాగాల వలన కూడా కలగదు. కాని దీనికీ ఒక హద్దు ఉన్నది. ప్రత్యేకమైన రిమ్ములు లేనప్పుడు ఒత్తిడి 15 పౌండ్ల కంటె తగ్గితే టైరు రిమ్ము నుండి ఊడిపోయే ప్రమాదముంది. తక్కువ గాలితో రహదారిపై వేగంగా పోతే టైరు వేడెక్కి పగిలిపోవచ్చు. అందుచేత ఒత్తిడిని కొలిచే సాధనం, బ్యాటరీతో పనిచేసే చిన్న గాలిపంపు ఎల్లప్పుడు బండిలో ఉండాలి.

ఎత్తు, రక్ష

స్ప్రింగులను మార్చి బండిని ఎత్తు చేయాలని చాలామంది తొందరపడతారు. ఇందులో ఒక భ్రమ ఉన్నది. స్ప్రింగులు మారిస్తే చట్రం పైకి లేస్తుంది గాని, రెండు చక్రాలనూ కలిపే ఇరుసు ఉన్నచోటనే ఉంటుంది. ఆ ఇరుసు నడుమ ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్ పెట్టెయే చాలా బండ్లలో నేలకు అతి సమీపమైన భాగం. దానిని పైకెత్తగలిగేది పెద్ద టైరు మాత్రమే. టైరు వ్యాసం 2 అంగుళాలు పెరిగితే ఇరుసు 1 అంగుళం లేస్తుంది. మరొక సంగతి ఏమనగా, ఎత్తు పెరిగినకొద్దీ బండి గరిమనాభి పైకి జరుగుతుంది. ప్రక్కవాలు బాటలో బండి బోల్తాపడడానికి అదే కారణం. ఎత్తు పెంచితే సౌకర్యంతోపాటు అపాయమూ పెరుగుతుందన్నమాట.

కావలసినంత మేరకే ఎత్తు పెంచి, అడుగుభాగానికి రక్ష కల్పించడం వివేకం. ఇంజను నూనె తొట్టికి, గేరుపెట్టెకు, పెట్రోలు ట్యాంకుకు క్రింద మందమైన ఉక్కు రేకులు బిగించాలి. తలుపుల క్రింద చట్రానికి బలమైన కమ్ములు అమర్చాలి. రాతిపై జారినప్పుడు బండి బరువును అవి మోస్తాయి. నూనె తొట్టికి పడిన చిన్న చిల్లు చాలు, నిర్జన ప్రదేశంలో బండిని ఇనుప ముద్దగా మార్చడానికి.

చిక్కుకొన్నప్పుడు

ఎంత నేర్పరి బండి ఐనా ఎప్పుడో ఒకసారి చిక్కుకొంటుంది. దానిని లాగడానికి ముందు వెనుకల చట్రానికి బోల్టులతో బిగించిన దృఢమైన కొక్కేలు ఉండాలి. ట్రెయిలరు తగిలించే ఇనుప గుండుకు త్రాడు కట్టి లాగడం ప్రాణాంతకం. సాగే నైలాన్ పట్టీలో నిలువ ఉన్న శక్తి గుండును విరిచి తుపాకి గుండువలె విసరివేస్తుంది. ఈ విధంగా మనుషులు మరణించిన సంఘటనలు ఉన్నాయి. విద్యుత్తుతో పనిచేసే లాగుడు యంత్రం కొనదలచినవారు సరుకుతో కూడిన బండి మొత్తం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు లాగగల దానిని ఎంచుకోవాలి. ఐతే తొలి ప్రయాణాలకు దానికంటె మేలైన సహాయం మరొక బండి తోడుగా రావడమే.

నీరు, బరువు, వార్త

వైట్ రిమ్ బాటలో త్రాగునీరు గాని, పెట్రోలు గాని దొరకవు. ఎడారిలో మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల నీరు కావాలి. నలుగురు మూడు రోజులు ప్రయాణిస్తే 48 లీటర్లు. అనగా నీటి బరువే 48 కిలోలు. అదనపు పెట్రోలు, పనిముట్లు, గుడారం దీనికి తోడవుతాయి. ఈ బరువునంతా బండి కప్పుమీద పేర్చితే గరిమనాభి మళ్ళీ పైకి పోతుంది. బరువైనవి క్రిందనే, ఇరుసుల నడుమనే ఉంచి గట్టిగా బిగించాలి. అవసరం లేని వస్తువు ప్రతి ఒక్కటీ టైరుకు, స్ప్రింగుకు, బ్రేకుకు భారమే.

లోయలలో సెల్‌ఫోను పలకని చోట్లు ఎన్నో. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న సాధనాలు నేడు లభిస్తున్నాయి. వాటితోపాటు, ఏ బాటన పోతున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ ఇంటివద్ద ఒకరికి చెప్పి బయలుదేరడం తప్పనిసరి. బండి ఆగిపోతే దానిని విడిచి నడక సాగించరాదు. బండి నీడనిస్తుంది, వెదకేవారికి మనిషికంటె ముందుగా కనబడుతుంది.

నడిపే పద్ధతి

మోయాబు బాటలకు కాఠిన్యాన్ని బట్టి 1 నుండి 10 వరకు అంకెలు ఇచ్చారు. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అన్నట్లు చిన్న అంకె బాటలతో అభ్యాసం ప్రారంభించాలి. పెద్ద రాయి ఎదురైతే దానిని చక్రాల నడుమకు రానీయక, టైరునే దానిపైకి ఎక్కించాలి. అప్పుడు అడుగుభాగం రాతికంటె పైన ఉంటుంది. తెలియని మలుపు వద్ద ఒకరు దిగి ముందు నిలిచి దారి చూపాలి. స్టీరింగు పట్టుకొనేటప్పుడు బొటనవ్రేళ్ళను చక్రం లోపలికి చుట్టరాదు. రాతి దెబ్బకు స్టీరింగు గిర్రున తిరిగితే వ్రేళ్ళు విరుగుతాయి. ఇక్కడ నిదానమే ప్రధానం.

బాట విడిచి ప్రక్కనేలపైకి పోకూడదు. అక్కడ నల్లగా, గరుకుగా కనిపించే మట్టి పెచ్చు నిర్జీవమైనది కాదు. సూక్ష్మజీవులు, శైకలాలు, నాచు కలసి అల్లిన సజీవమైన పొర అది. గాలికి మట్టి ఎగిరిపోకుండా, వాన నీరు వృథా కాకుండా కాపాడుతుంది. ఒక్క చక్రపు జాడతో నశించిన ఆ పొర మళ్ళీ ఏర్పడడానికి దశాబ్దాలు పడుతుంది. మన బండికి రక్ష కల్పించుకొన్న చేతులతోనే ఆ నేలకూ రక్ష కల్పించాలి.

వాహనాన్ని సిద్ధపరచడమంటే దొరికిన వస్తువులన్నీ దానికి తగిలించడం కాదు. టైరు, రక్ష, కొక్కెం, నీరు, తోడు అన్న వరుసను గుర్తుంచుకొని, తక్కినవి అనుభవం అడిగినప్పుడు చేర్చుకోవాలి. రాతి గుట్టను ఎక్కిన బండి గొప్పది కాదు. వెళ్ళినవారిని క్షేమంగా ఇంటికి చేర్చిన బండియే గొప్పది.

అభ్యాసం

1. 'జారుడు రాయి' అనే పేరు ఎట్లా వచ్చింది?
2. రాతి బాటలో టైరు గాలిని ఎందుకు తగ్గిస్తారు? దానికి గల హద్దులేవి?
3. బండి ఎత్తు పెంచడం వలన కలిగే లాభనష్టాలను వివరించండి.
4. ఎడారి ప్రయాణానికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలను సొంతమాటలలో రాయండి.
5. 'పైన పటారం లోన లొటారం' అన్న సామెతను మీకు తెలిసిన మరొక సందర్భానికి అన్వయించి రాయండి.