స్టిక్కర్ చూసి కాదు, అరగంట నడిపి చూసి కొనండి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసి ఇంజినీరింగ్ సీటు ఖాయమైందంటే ఇంట్లో తర్వాతి మాట ల్యాప్‌టాప్ గురించే. సివిల్, మెకానికల్, ఆర్కిటెక్చర్ వైపు వెళ్లే పిల్లల్లో కొందరు "మామూలుది కాదు, వర్క్‌స్టేషన్ కావాలి" అంటారు. డెల్ ప్రెసిషన్, హెచ్‌పీ జెడ్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్ పి సిరీస్ ఈ కోవలోవి. కొత్తవాటి ధర లక్ష రూపాయలు దాటుతుంది. పై రకాలైతే మూడు లక్షలు కూడా దాటుతాయి. చాలా ఇళ్లలో దాళ్వా పంట మీద మిగిలిన డబ్బంతా దానికే పెట్టినట్టు. అందుకే కొనే ముందు దాని పనితీరును ఎలా అంచనా వేయాలో తెలుసుకుందాం.

వర్క్‌స్టేషన్ ప్రత్యేకత ఏమిటి?

గేమింగ్ ల్యాప్‌టాప్‌లోనూ వర్క్‌స్టేషన్‌లోనూ ప్రాసెసర్ చాలాసార్లు ఒకటే. తేడా మిగతా చోట్ల ఉంటుంది. వర్క్‌స్టేషన్‌లో ప్రొఫెషనల్ గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది. సాలిడ్‌వర్క్స్, క్యాటియా, రెవిట్ వంటి సాఫ్ట్‌వేర్లతో ఆ మోడల్‌ను ముందే పరీక్షించి సర్టిఫికేషన్ ఇస్తారు. కొన్ని మోడళ్లలో చిన్న చిన్న తప్పులను తానే సరిదిద్దుకునే ఈసీసీ మెమరీ కూడా ఉంటుంది. ఇవన్నీ పని మధ్యలో ఆగకుండా చూసేవి. వీటివల్లే వేగం పెరుగుతుందనుకోవద్దు.

పేరు ఒకటే, బలం వేరు

ఇంటెల్ లెక్క ప్రకారం కోర్ ఐ7-13700హెచ్ ప్రాసెసర్ బేస్ పవర్ 45 వాట్లు, టర్బోలో గరిష్ఠం 115 వాట్లు. ఐ7-1355యు బేస్ పవర్ 15 వాట్లే. స్టిక్కర్ మీద మాత్రం రెండింటికీ ఐ7 అనే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డుల సంగతీ అంతే. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డును కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు తమకు కావలసినట్టు అమర్చుకోవచ్చు. పలుచని ల్యాప్‌టాప్‌లో వేడి బయటికి పోయే దారి తక్కువ కాబట్టి సాధారణంగా తక్కువ వాట్లు పెడతారు. అంటే ఒకే పేరున్న కార్డు రెండు ల్యాప్‌టాప్‌లలో రెండు రకాలుగా పనిచేయవచ్చు. అందుకే కార్డు పేరుతోపాటు "ఎన్ని వాట్లు?" అని కూడా అడగాలి.

వరద లెక్కా, కాలువ లెక్కా?

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ అంకె పెద్దదే కానీ, మన డెల్టాలో దాదాపు 10 లక్షల ఎకరాలు పండేది ఆ వరదతో కాదు, సీజనంతా కాలువల్లో నిలకడగా పారే నీటితో. ల్యాప్‌టాప్ కూడా మొదటి నిమిషంలో టర్బోతో పరుగెడుతుంది. వేడెక్కి లోపలి చిప్ 100 డిగ్రీల దగ్గరికి రాగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ప్రకటనల్లో కనిపించేది సాధారణంగా మొదటి నిమిషం అంకె. మీ అబ్బాయో అమ్మాయో త్రీడీ మోడల్ రెండరింగ్‌కు పెట్టినప్పుడు ఉపయోగపడేది అరగంట తర్వాతి వేగం.

అరగంట పరీక్ష

సినీబెంచ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ముందు దాన్ని ఒక్కసారి నడిపి స్కోరు రాసుకోండి. తర్వాత 30 నిమిషాలు ఆగకుండా నడిచేలా పెట్టి, చివరి స్కోరు చూడండి. ఉదాహరణకు మొదట 15,000 వచ్చి చివరికి 12,000 అయితే 20 శాతం తగ్గినట్టు. తగ్గుదల 10 శాతం లోపు ఉంటే వేడిని బాగా తట్టుకుంటోందని అనుకోవచ్చు. రెండు మోడళ్లను పోల్చాలంటే వాటి చివరి స్కోర్లను పోల్చండి. అదే సమయంలో ఫ్యాన్ చప్పుడు, కీబోర్డు వేడి కూడా గమనించండి.

గ్రాఫిక్స్ కోసం స్పెక్‌వ్యూపెర్ఫ్ అనే పరీక్ష ఉంది. అది సాలిడ్‌వర్క్స్, క్యాటియా, మాయా వంటి వాటికి విడివిడిగా స్కోర్లు ఇస్తుంది. మీ పిల్లలు వాడబోయే సాఫ్ట్‌వేర్ స్కోరు ఒక్కటి చూస్తే చాలు.

ఇప్పుడు చార్జర్ తీసేసి సినీబెంచ్ మళ్లీ నడపండి. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లే పరిమితి 100 వాట్-అవర్లు కాబట్టి ల్యాప్‌టాప్ బ్యాటరీలను సాధారణంగా అంతకు మించకుండా చేస్తారు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కలిపి 150 వాట్లు లాగితే అంత బ్యాటరీ కూడా 40 నిమిషాలకే అయిపోతుంది. అందుకే చార్జర్ తీయగానే చాలా మోడళ్లు వేగం తగ్గించుకుంటాయి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడపాలనుకుంటే చార్జర్ మీద రాసిన వాట్లు చూడండి. 230 వాట్ల చార్జర్ మూడు సీలింగ్ ఫ్యాన్లంత కరెంటు లాగగలదు.

మన ఎండల్లో

చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్ వాడదగిన గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకేనని రాస్తాయి. రాజమహేంద్రవరంలో మే నెలలో బయట 40 దాటుతుంది. షాపులో ఏసీ కింద వచ్చిన స్కోరు కన్నా మన ఇంట్లో, హాస్టల్ గదిలో తక్కువే వస్తుంది. షాపులోనే 20 శాతం తగ్గిన మోడల్ వేసవిలో ఇంకా నెమ్మదిస్తుంది. మంచం మీద, దిండు మీద పెట్టి వాడితే గాలి దారులు మూసుకుపోతాయి. దుమ్మును ఏడాదికోసారైనా శుభ్రం చేయించాలి.

అసలు ఇప్పుడే అవసరమా?

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో ఎక్కువగా గణితం, సైన్స్, ప్రోగ్రామింగ్ మొదలైనవి ఉంటాయి. వాటికి 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. కంప్యూటర్ సైన్స్ పిల్లలు ఏఐ మోడళ్లను నేర్చుకోవడానికి గూగుల్ కోల్యాబ్‌ను ఉచితంగా వాడుకోవచ్చు. ఆటోకాడ్, రెవిట్ కూడా విద్యార్థులకు ఉచితమే. పెద్ద మోడళ్లు, రెండరింగ్, సిమ్యులేషన్ పని మొదలయ్యాక కొంటే, అప్పటికి ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో తెలిసి ఉంటుంది. అదే డబ్బుకు కొత్త తరం మోడల్ కూడా దొరకవచ్చు.

బిల్లు కట్టే ముందు అడగండి

1. ప్రాసెసర్ పూర్తి పేరు ఏమిటి? చివర హెచ్, హెచ్‌ఎక్స్, యు లలో ఏ అక్షరం ఉంది?
2. గ్రాఫిక్స్ కార్డుకు ఎన్ని వాట్లు ఇచ్చారు?
3. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందా, బోర్డుకే అతికించారా?
4. డెమో పీస్ మీద అరగంట పరీక్ష చేయనిస్తారా? లేకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారు?
5. వారంటీలో మెకానిక్ మన ఊరికి వస్తారా, మనమే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలా?

ఈ ఐదింటినీ మీ పిల్లల చేతే అడిగించండి. జవాబులు, స్కోర్లు వారినే ఒక కాగితం మీద రాసుకోమనండి. తమకు కావలసినదేమిటో, ఎందుకు కావాలో వారికీ స్పష్టమవుతుంది.