అరకు నుంచి తెచ్చిన బొమ్మలు పాడవుతున్నాయా? గాజు షోకేస్ కొనే ముందు ఇవి చూసుకోండి!

అరకు వెళ్లొచ్చిన వాళ్ల బ్యాగుల్లో కాఫీ పొడి ఒక్కటే ఉండదు. వెదురు బుట్ట, ఇత్తడి బొమ్మ, గిరిజనుల పూసల దండ.. ఏదో ఒకటి ఉంటుంది. విజయవాడ వైపు నుంచి వెళ్లేవాళ్లు దారిలో ఏటికొప్పాకలో ఆగి లక్క బొమ్మలు కూడా కొంటారు. తీరా ఇంటికొచ్చాక వాటిని ఫ్రిజ్ మీదో, కిటికీ పక్కనో పెట్టేస్తారు. ఒక వానాకాలం గడిచేసరికి వెదురుకు బూజు పడుతుంది, బొమ్మల రంగు వెలిసిపోతుంది.

అందుకే చాలామంది విడిగా నిలబడే గాజు షోకేస్ కొనాలనుకుంటారు. ఇల్లు మారినా వెంట తీసుకెళ్లొచ్చు కాబట్టి అద్దె ఇళ్లలో ఉండేవారికి ఇది సౌకర్యం. అయితే చూడ్డానికి బాగుందని కొనేస్తే లోపలి వస్తువులకే కాదు, ఇంట్లో పిల్లలకూ ముప్పే. మరి ఏం చూసుకోవాలి?

ముందు వస్తువులు.. తర్వాతే షోకేస్

చాలామంది మొదట షోకేస్ కొని, తర్వాత అందులో ఏం పెట్టాలా అని వెతుకుతారు. ఇది రివర్స్‌లో జరగాలి. ఉన్న వస్తువులన్నీ టేబుల్ మీద పరిచి, అన్నిటికంటే ఎత్తైనది, వెడల్పైనది టేపుతో కొలవాలి. చిన్న బొమ్మలకు 12 అంగుళాల లోతు సరిపోతుంది. బుట్టలుంటే 15 అంగుళాలైనా కావాలి. అరల ఎత్తు మార్చుకునే వీలున్న మోడల్ అయితే రేపు కొత్త వస్తువు వచ్చినా ఇబ్బంది ఉండదు.

చెమ్మకు తట్టుకునే చెక్కేనా?

అరకు, పాడేరు లాంటి కొండ ప్రాంతాల్లో వానలు, పొగమంచు వల్ల ఇళ్లలో చెమ్మ ఎక్కువ. విశాఖ తీరంలో ఉప్పు గాలి తోడవుతుంది. ఇలాంటి చోట ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు చవగ్గా దొరికినా అంచుల్లోకి నీరు చేరితే ఉబ్బిపోతాయి. టేకు, లేదంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ మేలు. షోకేస్‌ను గోడకు పూర్తిగా ఆనించకుండా రెండు అంగుళాల ఖాళీ వదలాలి. లోపల సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టి, వారానికోసారి తలుపులు తెరిచి గాలి తగలనివ్వాలి.

గాజు దగ్గర రాజీ వద్దు

మామూలు గాజు పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. టఫెన్డ్ గాజు పగిలినా చిన్న చిన్న మొద్దు ముక్కలుగా రాలుతుంది. తలుపులు, అరలు రెండూ టఫెన్డ్ గాజువేనా అని షాపులో అడిగి, బిల్లు మీద రాయించుకోవాలి.

గోడకు బిగించకపోతే ప్రమాదమే

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పైన బరువు, కింద తేలిక ఉన్న షోకేస్‌ను చిన్నపిల్లలు పట్టుకుని ఎక్కితే మీద పడుతుంది. అమెరికాలో 2016 జూన్‌లో ఐకియా సంస్థ దాదాపు 2.9 కోట్ల సొరుగుల బీరువాలను రీకాల్ చేసింది. గోడకు బిగించని బీరువాలు మీద పడి చిన్నారులు చనిపోవడమే కారణం. విడిగా నిలబడే షోకేస్‌కైనా వెనక పైభాగంలో రెండు ఎల్ క్లాంపులు వేసి గోడకు బిగించాలి. వెనక వదిలిన ఖాళీకి సరిపడే పొడవైన క్లాంపులు అడిగి తీసుకోవాలి. అద్దె ఇల్లయితే ఓనర్‌ను అడిగి రెండు రంధ్రాలు వేయించుకున్నా పర్లేదు. బరువైన ఇత్తడి వస్తువులు ఎప్పుడూ కింది అరలోనే ఉండాలి.

సర్దడం ఎలా?

దీనికి అరకులోనే మంచి ఉదాహరణ ఉంది. 1996లో ఏర్పాటైన అక్కడి గిరిజన మ్యూజియంలో నగలు, వేట పనిముట్లు, వంట సామగ్రి కనిపిస్తాయి. థింసా నృత్యం, పెళ్లి వేడుకల దృశ్యాలూ ఉంటాయి. చూసేవారికి ఒక జీవితం అర్థమవుతుంది. ఇంట్లోనూ అంతే. ఒక అరకు ఒకే విషయం ఎంచుకోవాలి. ఒకదాంట్లో వెదురు, ఇంకోదాంట్లో లక్క బొమ్మలు, కింద ఇత్తడి. ఎత్తైనవి వెనక, చిన్నవి ముందు పెట్టి, మూడో వంతు చోటు ఖాళీగా వదిలేస్తే ప్రతి వస్తువూ కనిపిస్తుంది. ఎక్కడ, ఎప్పుడు కొన్నారో చిన్న చీటీ రాసి పెడితే ఇంటికొచ్చిన చుట్టాలకు కథ చెప్పొచ్చు.

ఈ తప్పులు చేయొద్దు

* ఏటికొప్పాక బొమ్మలు అంకుడు చెక్కతో చేసి, లక్కతో రంగులు అద్దినవి. 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. వేడికి లక్క మెత్తబడుతుంది, ఎండకు సహజ రంగులు వెలుస్తాయి. కిటికీ ఎదురుగా షోకేస్ వద్దు. లోపల వేడి బల్బులకు బదులు ఎల్ఈడీ స్ట్రిప్ వాడాలి.
* కొత్తగా తెచ్చిన వెదురు వస్తువును వెంటనే షోకేస్‌లో పెట్టొద్దు. రెండు వారాలు విడిగా కాగితం మీద ఉంచాలి. కింద సన్నటి పొడి రాలితే పురుగు ఉన్నట్టే. దాన్ని మిగతా వాటితో కలపకూడదు.
* ఇత్తడి బొమ్మలను చింతపండుతో తళతళలాడేలా తోమితే పాతదనం అందం పోతుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

కొండల్లో ఒకరు రోజుల తరబడి కూర్చుని అల్లిన బుట్ట అది. షోకేస్ ఖరీదెంతైనా, ఆ బుట్ట పదేళ్ల తర్వాత కూడా అలాగే ఉంటేనే పెట్టిన డబ్బుకు విలువ.