ప్రిన్‌స్టన్ విద్యార్థుల భోజనసంఘములు

విశ్వవిద్యాలయ చరిత్రలను వ్రాయువారు సాధారణముగా ఆచార్యులను, పాఠ్యక్రమములను, భవనములను వర్ణింతురు. విద్యార్థి ఎవరితో కలిసి భుజించెను, ఏ పంక్తినుండి వెలియయ్యెను అను ప్రశ్న వారి గ్రంథములలో అరుదు. కాని 20వ శతాబ్ది తొలి దశకమున అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయములో ఈ ప్రశ్నయే ప్రధానమై, ఒక అధ్యక్షుని సంస్కరణమును భగ్నము చేసినది. ఆ వృత్తాంతమును ఇచట సంగ్రహముగా పరిశీలింతము.

ప్రిన్‌స్టన్ న్యూజర్సీ రాష్ట్రములోని చిన్న పట్టణము. ఇతర కళాశాలలలో గ్రీకు అక్షరముల పేర్లతో వర్ధిల్లిన విద్యార్థి సోదరసంఘములను అచటి అధికారులు 19వ శతాబ్దిలోనే నిషేధించిరి. ఆ స్థానమును భోజనసంఘములు ఆక్రమించినవి. 1879లో స్థాపితమైన ఐవీ క్లబ్బు వీనిలో మొదటిది. పైతరగతులవారు కొందరు కలిసి ఒక ఇంట భోజనవసతి కల్పించుకొనుటయే తొలి ఉద్దేశము. కాలక్రమమున పూర్వవిద్యార్థుల ధనసాహాయ్యముతో ప్రాస్పెక్టు వీథియందు ఈ సంఘముల సౌధములు వెలసినవి. 1907 నాటికి వీని సంఖ్య పదికి మించినది.

నాలుగేండ్ల చదువులో మొదటి రెండేండ్లవారికి ఈ సంఘములలో ప్రవేశము లేదు. రెండవ యేట సభ్యులు తమకు నచ్చినవారిని ఎన్నుకొనుచుండిరి. ఈ ఎన్నికలో పాండిత్యమునకు ప్రాధాన్యము లేదు. స్నేహము, క్రీడలలో పేరు, నడవడి, కుటుంబపు అంతస్తు మున్నగునవియే లెక్కకు వచ్చెడివి. కావున కళాశాలలో అడుగిడిన నాటినుండియు ఎవరితో తిరుగవలెను, ఎవరికి దూరముగా నుండవలెను అను చింత విద్యార్థిని వేధించుచుండెను. ఎన్నిక కానివారు తరగతిలో సహాధ్యాయులై యుండియు, తరగతి వెలుపల పరాయివారగుచుండిరి.

ఇచట ఒక వైచిత్ర్యమును గమనింపవలెను. ఆ విశ్వవిద్యాలయముననే 1893లో విద్యార్థుల కోరికపై పరీక్షలందు గౌరవపద్ధతి ప్రవేశపెట్టబడెను. ఉపాధ్యాయుల కావలి లేకుండ పరీక్ష వ్రాసి, తాము అన్యుల సాయము పొందలేదని విద్యార్థులు ప్రమాణపూర్వకముగా సంతకము చేయవలెను. పరీక్షామందిరమున పరస్పరము విశ్వసింపగలిగిన యువకులే భోజనశాలలో ఒక బల్లయొద్ద కూర్చుండలేకపోయిరి.

1902లో అధ్యక్షుడైన వుడ్రో విల్సన్ ఈ స్థితిని విద్యాసమస్యగా భావించెను. అతడు 1905లో దాదాపు 50 మంది ప్రిసెప్టరులను నియమించి, విద్యార్థులు చిన్న బృందములుగా వారితో కూర్చుండి తాము చదివిన గ్రంథములను చర్చించు పద్ధతిని నెలకొల్పెను. కాని ఆ చర్చ గంటతో ముగియుచుండెను. భోజనవేళ సంభాషణము వేరొక లోకమునకు పోవుచుండెను. అందుచే 1907 జూనులో విల్సన్ ధర్మకర్తల ఎదుట చతుశ్శాలా ప్రణాళికను ఉంచెను. నాలుగు తరగతుల విద్యార్థులును కొందరు అధ్యాపకులతోపాటు ఒక్కొక్క చతుశ్శాలలో నివసించి, ఒకేచోట భుజింపవలెననియు, సంఘములు ఆ చతుశ్శాలలలో లీనము కావలెననియు దాని సారాంశము.

ధర్మకర్తలు మొదట సూత్రప్రాయముగా అంగీకరించిరి. కాని ఈ వార్త వెల్లడి కాగానే పూర్వవిద్యార్థులు ఆగ్రహించిరి. తమ యౌవనస్మృతులు ముడివడిన సంఘములను ముందు సంప్రదింపులు లేకుండ రద్దు చేయుట వారికి అవమానముగా తోచెను. స్నాతకోత్తర కళాశాలాధిపతి ఆండ్రూ వెస్టు కూడ తన భవననిర్మాణము వెనుకబడునని వ్యతిరేకించెను. తుదకు 1907 అక్టోబరులో ధర్మకర్తలు తమ అంగీకారమును ఉపసంహరించుకొనిరి. 1910లో విల్సన్ ప్రిన్‌స్టన్ విడిచి న్యూజర్సీ గవర్నరుగా ఎన్నికయ్యెను; 1913లో దేశాధ్యక్షుడయ్యెను.

విల్సన్ సమత్వభావమునకు గల హద్దును విస్మరించుట న్యాయము కాదు. అతడు ఊహించిన చతుశ్శాలలో నల్లజాతి యువకునకు చోటు లేదు. అట్టివారు ప్రిన్‌స్టనులో చేరుటను అతడు నిరుత్సాహపరచెను. స్త్రీలకు పట్టపు తరగతులలో 1969లో గాని ప్రవేశము లభింపలేదు. విల్సన్ జాత్యహంకార విధానములను కారణముగా చూపి విశ్వవిద్యాలయము 2020లో అతని పేరును ఒక నివాసకళాశాలనుండియు, రాజనీతి విద్యాలయమునుండియు తొలగించినది.

అయినను సమస్య అతనితో ముగియలేదు. 1917లో రెండవ యేటి విద్యార్థులు కొందరు తామే సంఘములలో చేరమని నిరాకరించిరి. ఆ వసంతముననే అమెరికా యుద్ధమున ప్రవేశించుటచే ఆ యుద్యమము చెదరిపోయినది. 1913లో ప్రిన్‌స్టనులో చేరిన స్కాటు ఫిట్జెరాల్డు 1920లో ప్రకటించిన తన తొలి నవలలో ఈ సంఘముల వాతావరణమును చిత్రించెను. విల్సన్ ఆశయమును పోలిన నివాసవిధానము హార్వర్డునందు 1930లోను, యేలునందు 1933లోను ఎడ్వర్డు హార్క్‌నెస్ ధనముతో వెలసెను. ప్రిన్‌స్టనులో తొలి రెండేండ్లవారి కందరికిని నివాసకళాశాలలు 1982లో ఏర్పడినవి. భోజనసంఘములు మాత్రము నశింపలేదు.

ఈ చరిత్రవలన మేము గ్రహించునది ఇది. గౌరవపద్ధతి విద్యార్థుల కోరికనుండి పుట్టి వేరూనినది. చతుశ్శాల ఉత్తమాశయమే యైనను పైనుండి దిగివచ్చి, ఎవరి భోజనపుబల్లను మార్చదలచెనో వారిని అడుగలేదు. భోజనశాల కూడ పాఠశాలయే అని విల్సన్ కనుగొనెను. ఆ పాఠశాలలో విద్యార్థియే ప్రథమోపాధ్యాయుడను సంగతిని అతడు గుర్తింపలేదు.